ఎడమచేతి వాటము గల బిడ్డలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



అరక కట్టు రైతునకు వలపలి యెద్దేదో, దాపలి యెద్దేదో ఒకరు చెప్పనక్కరలేదు. కుడిప్రక్క నడచుటకు మరగిన యెద్దును ఎడమప్రక్క కట్టినచో అది మెడ త్రిప్పును, చాలు వంకరపోవును. ఆ యెద్దును కొట్టి ప్రయోజనము లేదని యెరిగిన రైతే, తన బిడ్డ ఎడమచేత బలపము పట్టినప్పుడు మాత్రము ఆ చేతిపై ఒక్క దెబ్బ వేయును. ఎద్దు విషయమున చూపిన ఓర్పు బిడ్డ విషయమున ఏల చూపడు? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

మొదట మాటల సంగతి. సంస్కృతమున సవ్యమనగా ఎడమ. అపసవ్యమనగా ఎడమ కానిది, అనగా కుడి. జందెము ఎడమభుజముపై నున్నప్పుడు సవ్యమనియు, పితృకార్యములలో కుడిభుజముపైకి మార్చినప్పుడు అపసవ్యమనియు పురోహితులు నేటికిని పలుకుచున్నారు. కాని తెలుగు వాడుకలో 'సవ్యముగా నున్నది' అనగా చక్కగా నున్నదని అర్థము. పాపము, ఎడమచేతికి చెందిన మంచిపేరును కూడ కుడిచేయి కాజేసినది! వామ శబ్దమునకు సైతము ఎడమ యనియు, అందమైనదనియు రెండర్థములు గలవు.

విరాటపర్వమున ఉత్తరగోగ్రహణ సమయమందు అర్జునుడు తన పదిపేర్లను ఉత్తరునకు వివరించును. అందు సవ్యసాచి యనునది ఒకటి. గాండీవమును కుడిచేతనే కాక ఎడమచేతను సమముగా లాగగలవాడు గనుక ఆ పేరు కలిగెను. వానలు కురియవలెనని విరాటపర్వము చదివించు ఆచారము మన పల్లెలలో కలదు. అర్జునుని ఎడమచేతిని కొనియాడుచు రాత్రియంతయు విని, తెల్లవారిన తరువాత మనుమని ఎడమచేతిని అశుభమనుట వింత గాదా?

ఎడమచేతి వాటమువారు ఎందరుందురు? ఇరువదిమూడు లక్షలకు పైబడిన జనులను గూర్చిన వేర్వేరు పరిశోధనలను ఒకచోట చేర్చి 2020 సంవత్సరమున లెక్కకట్టిరి. నూటికి 10.6 మంది తేలిరి. స్త్రీలకంటె పురుషులలో కొంచెము అధికము. అనగా ముప్పదిమంది పిల్లలున్న తరగతిలో ముగ్గురుండుట సహజము. ఒక బడిలో ఒక్కరును కానరాకున్నచో వారు లేరని గాదు, దాగియున్నారని తలచవలెను.

ఈ వాటము బిడ్డకు ఎప్పుడు కలుగును? తల్లి చూచి నేర్పినదా, బిడ్డ మొండితనముచే పట్టినదా? రెండును గావు. గర్భస్థశిశువు బొటనవ్రేలు చీకుట నేడు యంత్రముచే చూడనగును. ఐర్లండు ద్వీపమందలి బెల్‌ఫాస్టు నగరమున పీటర్ హెప్పర్ అను పండితుడు ఈ విషయమును పరిశీలించెను. గర్భమున కుడి బొటనవ్రేలు చీకిన 60 మందిని, ఎడమది చీకిన 15 మందిని, వారికి పది పండ్రెండేండ్లు వచ్చిన పిమ్మట మరల చూచి 2005లో ఫలితమును ప్రకటించెను. మొదటి 60 మందియు కుడిచేతివారే యైరి. తక్కిన 15 మందిలో పదిమంది ఎడమచేతివారైరి, ఐదుగురు కుడిచేతికి మరలిరి. లోకము నింకను చూడని శిశువునకు మొండితనమెక్కడిది?

ఐనను పుట్టిన నాడే వాటము తేటపడదు. ఐదారు మాసముల పసివాడు గిలకకొరకు నేడొక చేయి, రేపొక చేయి చాచును. ఏడాది పిమ్మటగాని ఒక చేతిపై మొగ్గు స్పష్టము కాదు. మూడు నాలుగేండ్లకు పెక్కుమందిలో అది స్థిరపడును. ఇచ్చట తల్లులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఏడాది నిండకమునుపే బిడ్డ ఒకే చేతిని వాడుచు, రెండవ చేతిని పిడికిలి బిగించి కదల్పకుండిన యెడల దానిని వాటమని సంతోషింపరాదు, దిష్టియని తాయెత్తు కట్టి ఊరకుండరాదు. కదలని చేతియందు బలహీనత యుండవచ్చును. ఆ చేయి కుడిదైనను ఎడమదైనను వెంటనే వైద్యునకు చూపవలెను. ఎంత త్వరగా చూపిన అంత మేలు.

వాటమునకు మూలము చేతిలో లేదు, మెదడులోను వెన్నుపాములోను కలదు. మెదడు కుడిభాగము ఎడమచేతిని, ఎడమభాగము కుడిచేతిని నడపును. వంశమునకును కొంత పాత్ర యున్నది. తల్లిదండ్రు లిరువురును కుడిచేతివారైనచో పిల్లలలో నూటికి తొమ్మిది పదిమందియు, ఇరువురును ఎడమచేతివారైనచో సుమారు ఇరువదియారుగురును ఎడమచేతివారగుదురని లెక్క. అనగా ఇరువురు ఎడమచేతివారికిని కుడిచేతి బిడ్డలే యెక్కువ! ఒకే పిండమునుండి కలిగిన కవలలలో సైతము ఒకడు కుడి, ఒకడు ఎడమ యగుట అరుదు గాదు. పదిహేడు లక్షలకు పైగా జనుల వంశలక్షణములను పరిశీలించినవారు ఎడమచేతి వాటముతో సంబంధించిన స్థానములు 41 కనుగొనిరి. వానిలో నేదియు ఒంటరిగా చేతిని నిర్ణయింపజాలదు. కొంత వంశము, కొంత గర్భమందలి ఎదుగుదలలో కలుగు యాదృచ్ఛికము.

వాటమనునది అన్ని పనులకును ఒక్కటే గాదు. క్రికెట్టు ఆటలో సచిన్ తెండూల్కర్ కుడిచేతివాటమున బ్యాటు పట్టి ప్రసిద్ధుడయ్యెను, సంతకము చేయునది ఎడమచేత. రాట్నము ముందు కూర్చున్న స్త్రీని చూడుడు. చక్రము త్రిప్పు మోటుపని కుడిచేతిది, దారము తీయు సున్నితపు పని ఎడమచేతిది. నూలు సన్నమగుటయు ముతకయగుటయు ఆ ఎడమచేతి నేర్పుననే యున్నది. ఐనను నూలు బాగున్నదని మెచ్చునప్పుడు ఎడమచేతిని తలచువారు లేరు.

ఇక బలవంతము మాట. ఒక గ్రామమున ఆరేండ్ల బాలుడొకడు ఎడమచేత 'అ'కారము దిద్దగా, ఉపాధ్యాయుడు వాని చేతిని తువ్వాలుతో నడుమునకు కట్టెను. కుడిచేత వాడు వ్రాసిన అక్షరములు అద్దములో చూచినట్లు కుడియెడమలు తారుమారై వచ్చెను. (ఈ యీడు పిల్లలు, కుడిచేతివారు సైతము, ఇట్లు త్రిప్పి వ్రాయుట కద్దు. అది తెలివితక్కువ గాదు.) తోటిపిల్లలు నవ్విరి. మూడు నెలలకు వాడు బడి మానెను, గేదెల వెంట పోయెను. రెండేండ్ల తరువాత వచ్చిన క్రొత్త ఉపాధ్యాయుడు, చెరువుగట్టున ఇసుకలో ఎడమచేతి పుల్లతో గేదె బొమ్మ గీయుచున్న ఆ బాలుని చూచి, ఇంటికి పోయి బడికి పంపుమని అడిగెను.

ముసలి నాయనమ్మ అడ్డుపడినది. "ఎడంచేతి రాత సరస్వతమ్మ తల్లి ఒప్పుకుంటుందా పంతులుగారూ?"

"ఆ తల్లి వీణ మీద స్వరాలు పలికించేది ఏ చేతి వేళ్లతోనమ్మా?"

అవ్వ కొంతసేపు ఆలోచించినది. తీగను మీటునది కుడిచేయియే గాని, మెట్లమీద స్వరమును పలికించునది ఎడమచేయి గదా. మరునాడు మనుమని ఆమెయే బడికి తీసికొని వచ్చినది.

ఇంగ్లండు రాజైన ఆరవ జార్జి బాల్యమున ఎడమచేతివాడు. కుడిచేత వ్రాయుటకు ఆయనను నిర్బంధించిరి. ఆయనకు నత్తి యుండెను. నిర్బంధము వలననే నత్తి వచ్చినదని కొందరందురు గాని అట్లు రుజువు కాలేదు. తెలిసినంతవరకే చెప్పుట న్యాయము. బాల్యమున చేయి మార్చబడినవారు పెద్దలైన పిమ్మట వారి మెదడును పరీక్షింపగా, కలము చేయి మారినను లోపలి పూర్వపు ఏర్పాటు పూర్తిగా మారలేదని కనబడినది. ఇంతమాత్రము నిజము.

మహాత్ముని ఉదాహరణము చూపి, అభ్యాసమున చేయి మారదా యని అడుగువారుందురు. 1909 నవంబరు నెలలో ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు మరలివచ్చుచు గాంధీగారు ఓడపై పదిదినములలో 'హింద్ స్వరాజ్' వ్రాసిరి. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత వ్రాసిరి. 275 పుటల వ్రాతప్రతిలో సుమారు 40 పుటలు ఎడమచేతివే. అది నలుబదేండ్ల వయస్సున, అక్షరము వశమైన పిమ్మట, తనంత తాను పూనిన అభ్యాసము. అక్షరమే రాని ఆరేండ్లవాని చేయి కట్టుటకు అది ప్రమాణము గాజాలదు.

భోజనము, దానము, హారతి కుడిచేతనే జరుగవలెనను ఆచారము మాటేమి? ఎడమచేతిని శౌచమునకు కేటాయించిన సమాజమున ఈ నియమము పుట్టుట సమంజసమే. దీనిని త్రోసిపుచ్చవలెనని వాదింపనక్కరలేదు. కుడిచేత భుజించి ఎడమచేత వ్రాయువారు మన దేశమున అసంఖ్యాకముగా నున్నారు. ముద్ద కలుపుటకు చాలిన నేర్పు ఏ చేతికైనను కొలది దినములలో అబ్బును. వ్రాత అట్టిది గాదు. కావున విస్తరి యొద్ద మెల్లగా నేర్పుడు, పలక యొద్ద జోక్యము కలిగించుకొనకుడు.

కొన్ని చిన్న ఉపకారములు చేయనగును. తెలుగు ఎడమనుండి కుడికి సాగును గనుక ఎడమచేతి పిల్లవాని అరచేయి వ్రాసినదానిపైననే ప్రాకును. పలకపై అక్షరము చెరగును, కాగితముపై సిరా అలుకుకొనును. అందుచే వాడు మణికట్టు వంచి కొక్కెమువలె పట్టుటకు అలవాటుపడును. కాగితమును రొమ్మునకు నట్టనడుమ గాక కొంచెము ఎడమకు జరిపి, పైయంచు కుడివైపునకు ఒరుగునట్లు పెట్టుమని చెప్పవలెను. కలమును మొనకు మరికొంత పైగా పట్టనిచ్చినచో వ్రాసిన అక్షరము కంటికి కనబడును. బల్లపై వానిని ఎడమకొసన కూర్చుండబెట్టినయెడల ప్రక్కవాని మోచేయి తగులదు. రాత్రి చదువుకొనునప్పుడు దీపమును కుడిప్రక్క నుంచవలెను. ఎడమప్రక్క నుంచినచో వాని చేతినీడ వాని వ్రాతమీదనే పడును.