ఆసుపత్రిలో అంటురోగము – రోగి వెంట ఉన్నవారు



రోగము నయము చేసుకొనుటకు మనము ఆసుపత్రికి వెళ్లుదుము. అయితే మహమ్మారి వచ్చినప్పుడు ఆ ఆసుపత్రియే రోగము వ్యాపించు చోటు కాగలదు. 2003లో సార్స్ వ్యాధి సోకిన 8,098 మందిలో దాదాపు అయిదవ వంతు ఆసుపత్రులలో పనిచేయువారే. కోవిడ్ కాలములో, 2020 జనవరి మొదలు 2021 మే వరకు, 80,000 నుండి 1,80,000 మంది వైద్య సిబ్బంది మరణించి యుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

అన్నియు తెలిసిన వారికే ఎందుకింత హాని కలిగెను? మొదటి నెలలలో మాస్కులు, రక్షణ దుస్తులు చాలలేదు. దగ్గు, జ్వరము కనబడక ముందే రోగి నుండి ఇతరులకు సోకుచుండుటచే ఎవరిని వేరుగా ఉంచవలెనో తెలియలేదు. రక్షణ దుస్తులు తొడుగుకొనుట కంటె విప్పుట ప్రమాదకరము. గంటల తరబడి నీళ్లైనను త్రాగక, చెమటలో తడిసి అలసిన నర్సు, విప్పునప్పుడు ఒక్క క్రమము తప్పినను పైనున్న క్రిమి చేతికి, చేతి నుండి ముఖమునకు చేరును. ఈ క్రిమి గాలిలోను తేలియుండును గనుక, కిటికీలు మూసిన గదిలో చేతులు కడుగుకొనుట ఒక్కటే చాలదు.

మన దేశములో మరియొక చిక్కు గలదు. పెద్దాసుపత్రిలో రోగికి అన్నము తినిపించువారు, మరుగుదొడ్డికి నడిపించువారు, మందుల చీటీ పట్టుకొని పరుగెత్తువారు, రాత్రి మంచము ప్రక్కన నేలమీద పండుకొనువారు ఎవరు? వెంట వచ్చిన తల్లి, భార్య, కుమారుడు. సగము నర్సు పని వారిదే. అయినను వారికి నేర్పువారు అరుదు. వార్డు ఊడ్చి చెత్త మోయువారి సంగతియు తరచుగా అంతే.

2020లో కోవిడ్ వార్డులలోనికి బంధువులను రానీయలేదు. అది ప్రాణరక్షణకే. కాని గేటు బయట నిలిచి, చివరి చూపునకు నోచుకొనని కుటుంబముల దుఃఖము మన మెరుగుదుము. తలుపు మూయుట ఒక్కటే మార్గము కారాదు. ఒక్క రోగికి ఒక్కరే తోడు, ఆ ఒక్కరికి మాస్కు, సబ్బు, నీళ్లు, ఓపికగా చెప్పు మాట, లోనికి పోలేని వారికి దినదినము ఫోనులో కబురు – ఇవి వైద్యములో భాగములని మనము అడుగవలెను.

మన పని కూడ కొంత గలదు. ఒకరు ఆసుపత్రిలో చేరగానే పదిమంది కలసి వెళ్లుట ప్రేమయని ఎంచుదుము. కాపరులమైన మేము మంచము వెంబడి మంచమునకు పోయి చేతులుంచి ప్రార్థించుదుము. ఆ చేతులు ప్రతి మంచము దగ్గర కడుగుకొన్నవై యుండవలెను. దగ్గు, జలుబు ఉన్నవారు వెళ్లరాదు. సంఘము పక్షమున ఒక్కరు వెళ్లిన చాలును. తక్కిన తొమ్మిదిమంది ఆ యింటి పిల్లలకు అన్నము పెట్టవచ్చును, తోడున్న తల్లికి క్యారియరు పంపవచ్చును. మంచము చుట్టు గుమిగూడుట కంటె ఇదియే గొప్ప పరామర్శ.