పాఠకుడున్న చోటికే పుస్తకం

1935లో పాతూరి నాగభూషణం గారు మన పాత గుంటూరు జిల్లాలోనే, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. అప్పట్లో జనం గంటల తరబడి పడవల్లోనే ప్రయాణించేవారు. ఆ తీరిక వేళ వాళ్ల చేతికి పుస్తకం అందింది. గ్రంథాలయం నడిపేవారికి ఉండాల్సిన ముందుచూపు, నా దృష్టిలో, అదే.

మరి మన చిలకలూరిపేటలో? ఇక్కడ కాలువ కాదు, 16వ నంబరు జాతీయ రహదారి. జుట్టుకు దూది నలుసులు అంటుకుని మిల్లు షిఫ్టు దిగే అక్కకు, బస్సు కోసం నిలబడ్డ కుర్రాడికి గ్రంథాలయం ఏ వేళ తెరిచి ఉండాలి? నిర్వాహకులు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. అందుకే ఈ వారం మీ గ్రంథాలయానికి వెళ్లండి. మీకు వీలైన వేళేదో లైబ్రేరియన్ గారికి చెప్పి రండి.