నడుము నొప్పి – కైరోప్రాక్టిక్ చికిత్స
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చేవారు చాలామంది ఉన్నారు. అంత దూరం విమానంలో కూర్చుని వెళ్ళాక నడుము పట్టేస్తే, అక్కడ వినిపించే సలహా "కైరోప్రాక్టర్‌కి చూపించండి" అని. మన నగరాల్లోనూ ఆ బోర్డులు కనిపిస్తున్నాయి. మన వయసువారు వెళ్ళవచ్చునా అన్న విషయం క్లుప్తంగా మనవి చేస్తాను.

చేతులతోనో కాళ్ళతోనో నడుము సరిచేయడం మనకు కొత్తేమీ కాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత నడుము తొక్కించుకోవడం మన పల్లెల్లో ఎరిగినదే. అమెరికాలో కైరోప్రాక్టిక్‌కు ఆద్యుడు డి.డి. పామర్. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్టులో వినికిడి తగ్గిన ఒకాయన వెన్ను నొక్కి, వినికిడి తెప్పించానని ఆయన ప్రకటించుకున్నారు. దాదాపు అన్ని రోగాలకూ మూలం వెన్నుపూస తొలగడమేనన్న ఆయన సిద్ధాంతం శాస్త్రపరీక్షకు నిలబడలేదు.

అయితే నడుము నొప్పి వరకు ఆ చేతిపనికి కొంత విలువ ఉందని తేలింది. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మాత్రలకంటే ముందు వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్, వెన్నును చేతులతో సరిచేయడం వంటివి ప్రయత్నించవచ్చునని 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది. దీర్ఘకాలిక నొప్పికి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వ్యాయామంతోపాటు దీనికి చోటు దక్కింది. కలిగే ఉపశమనం మాత్రం ఓ మోస్తరుదే. నొక్కినప్పుడు వచ్చే 'టప్' అనే చప్పుడు, తొలగిన ఎముక స్థానంలో పడిన చప్పుడని భ్రమపడకండి. కీలులోని ద్రవంలో వాయువు బుడగకట్టడం వల్ల వచ్చే శబ్దమది.

ఇక అసలు సంగతి. ఉద్యోగంలో ఉండగా జతపరచిన కాగితాలు చూడకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టేవాళ్ళం కాదు. నడుము విషయంలోనూ అదే నియమం పాటించాలి. ఎముకలు గుల్లబారినవారు, కాన్సరుకు వైద్యం పొందినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు గాని, రక్తం పలచబడే మందులు గాని వాడుతున్నవారు, ఈమధ్య కిందపడినవారు ముందుగా తమ డాక్టరుకు చూపించుకోకుండా ఎవరిచేతా వెన్ను నొక్కించుకోరాదు. గుల్లబారిన పూస ఒత్తిడికి విరిగే ప్రమాదముంది. నొప్పితోపాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరును కలవాలి. మూత్రం బిగబట్టినా, అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా ఆలస్యం చేయక అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

అమెరికాలో కైరోప్రాక్టర్లకు రాష్ట్రాలు లైసెన్సు ఇస్తాయి. మన దేశంలో ఈ వృత్తికి ప్రత్యేక చట్టం లేదు. కనుక చేసే వ్యక్తి ఎక్కడ, ఏమి చదివారో అడగడానికి మొహమాటపడవద్దు. నాలుగైదుసార్లు వెళ్ళినా గుణం కనిపించకపోతే మానేయండి. నెలల తరబడి ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. పింఛను డబ్బు విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

కొత్తగా పట్టిన నడుము చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మంచం పట్టకుండా, ఓపిక ఉన్నంతమేర నడుస్తూ ఉండటమే మంచిది. ఎవరి చేతివాటమైనా ఆ నడకకు తోడు మాత్రమే.