తొలి ఈతను లెక్కలో వేయొద్దు

(గోరంట్లలో రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాన మీద, శనక్కాయ మీద నమ్మకం సడలినప్పుడల్లా మన పల్లెలకు ఏదో ఒక కొత్త పెంపకం వస్తుంది. కుందేళ్లూ అలా వచ్చినవే. తక్కువ చోటు, తక్కువ మేత, నెలకే ఈత అని చెబుతారు. నెల మాట నిజమే. జతకట్టిన 30 నుంచి 32 రోజులకు కుందేలు ఈనుతుంది. కానీ కొత్తగా పెట్టినవాళ్లకు మొదటి దెబ్బ తగిలేది కూడా ఆ తొలి ఈతలోనే. తెల్లారి చూస్తే పిల్లలు బోను తీగల మీద చెల్లాచెదురుగా చచ్చి పడుంటాయి. కొన్నిటికి చెవులు, కాళ్లు కొరికి ఉంటాయి. కొన్ని అసలు కనిపించవు.

అప్పుడు ఇంట్లో ఏమంటారు? పిల్లల్ని తిన్న జీవం ఉంటే అరిష్టమంటారు. లేదంటే మేపే ఆడమనిషి చేతివాసి మంచిది కాదంటారు. కుందేళ్లను వచ్చిన కాడికి అమ్మేస్తారు. పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు మాత్రం మిగిలిపోతుంది. ఈ రెండు మాటలూ తప్పే.

తొలిచూలు గొర్రె పిల్లను దగ్గరికి రానీయకపోతే మనం ఏం చేస్తాం? దాన్ని పట్టుకుని పిల్లను పొదుగుకు అందిస్తాం. రెండు మూడు రోజులకు దారికొస్తుంది. అరిష్టమని దాన్ని ఎవరూ అమ్ముకోరు. కుందేలుకు కూడా తొలి ఈత నేర్చుకునే ఈతే.

మన మెట్టల్లో తిరిగే చెవులపిల్లిని చూసి, కుందేలూ అంతే అనుకోవద్దు. చెవులపిల్లి పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. మనం పెంచే కుందేలు ఐరోపా నుంచి వచ్చిన జాతి, బొరియలో ఈనే జీవం. దాని పిల్లలకు పుట్టినప్పుడు బొచ్చు ఉండదు, కళ్లు తెరవడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ బొరియను మనమే పెట్టె రూపంలో ఇవ్వాలి. పెట్టె లేకపోతే తల్లి ఎక్కడ పడితే అక్కడ ఈనుతుంది. వేసవి తప్ప మిగతా కాలంలో తీగల మీద పడిన పిల్ల గంటల్లోనే చలికి చస్తుంది.

మరి తల్లి ఎందుకు కొరుకుతుంది? ఈనగానే మావిని తినడం దానికి సహజం. అనుభవం లేని తల్లి ఆ తినడంలో పిల్లనూ కొరుకుతుంది. చచ్చిన పిల్లను కూడా తినేస్తుంది. ఈనే వేళ దాహమైతే, కుక్కో పిల్లో పామో బోను దగ్గరికి వస్తే, టపాసులు పేలితే బెదిరి పిల్లల్ని తొక్కేస్తుంది. ఒళ్లు కట్టకముందే జతకట్టిస్తే పాలూ చాలవు.

అందుకని ఈ పనులు చేయండి. ఐదారు నెలలు నిండి, ఒళ్లు బాగా కట్టాకే జతకట్టించండి. తేదీ గోడ మీద రాసుకోండి. 26వ రోజుకల్లా ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్కపెట్టె లోపల పెట్టండి. అందులో మెత్తగా నలిపిన కొర్రగడ్డి వేయండి. తల్లి తన పొట్ట బొచ్చు పీకి పరుచుకుంటుంది. పీకకపోతే మీరే కొంచెం పీకి వేయండి. నీళ్లు రాత్రి కూడా ఉండాలి. పాలిచ్చే తల్లి రోజుకు లీటరు దాకా తాగుతుంది.

ఈనిన రోజే పెట్టె చూసి చచ్చిన పిల్లల్ని తీసేయండి. చేయి తగిలితే తల్లి వదిలేస్తుందని భయపడొద్దు. చేతులు కడుక్కుని, ఆ పెట్టెలోని బొచ్చుతో రుద్దుకుంటే చాలు. తల్లి రోజంతా పిల్లల దగ్గర లేదని కంగారు పడొద్దు. అది రోజుకు ఒక్కసారే, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. పిల్లల పొట్ట గుండ్రంగా ఉంటే తాగినట్టు, ముడతలు పడితే తాగనట్టు. తాగకపోతే తల్లిని మెల్లగా పట్టుకుని పిల్లల మీద నిలపండి. రెండు మూడు కుందేళ్లకు ఒకే రోజు జతకట్టిస్తే, ఒక తల్లి వదిలేసిన పిల్లల్ని మొదటి రెండు మూడు రోజుల్లో ఇంకో తల్లి కింద వేయొచ్చు. వరసగా మూడు ఈతలూ పాడుచేస్తే అప్పుడు తీసేయండి. ఒక్క ఈతకే వద్దు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా జాతుల్ని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పెంచే చోటు కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరు. ఆ చలి ఎక్కడ, గోరంట్ల ఎండ ఎక్కడ? కుందేలుకు చెమట పట్టదు, ఎక్కువగా చెవుల నుంచి వేడి పోవాలి. 35 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈతలు వద్దు. జనవరితో జతకట్టించడం ఆపండి. ఎండదెబ్బ తిన్న మగ కుందేలు మళ్లీ సరిగా పనికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు. చెట్టు నీడ, తడిపిన గోనెపట్టాలు తప్పనిసరి.

ఇక కాగితం లెక్కకు వద్దాం. అమ్మేవాడు 10 ఆడ కుందేళ్లు, ఈతకు 6 పిల్లలు, మొత్తం 60 అని రాస్తాడు. అందులో మూడు తల్లులు పిల్లల్ని మొత్తం పోగొట్టి, మిగతా ఏడు తలా రెండు పోగొడితే చేతికొచ్చేది 28. సగం కూడా కాదు. అప్పు కంతు మాత్రం 60 మీదే కట్టి ఉంటుంది. అందుకే మన సంఘం మాట ఇది: తొలి ఈత ఆదాయం సున్నా అని రాసుకోండి. రెండో ఈత పిల్లలు అమ్ముడయ్యాకే మొదటి కంతు మొదలయ్యేలా బ్యాంకును అడగండి. కుందేళ్ల వయసు, ఎన్ని ఈతలు ఈనాయి అనేది ఒప్పందంలో రాయించండి. పిల్లల్ని తిరిగి కొంటామని నోటిమాటగా చెబితే నమ్మొద్దు. ధర, గడువు, కొనకపోతే ఏం చేస్తారన్నది కాగితం మీద ఉండాలి.

సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని సంఘం దగ్గరికి తీసుకురండి. కలిసి చదువుదాం. సంతకం పెట్టాక వస్తే మేం చేయగలిగింది తక్కువ.