ఇంద్రధనుస్సు
(రజతోత్సవ సందర్భమున గావించిన ప్రసంగ పాఠము)



వాన పూర్తిగా వెలియక ముందే ఎండ కాయు వేళ హరివిల్లు పొడచూపినచో పిల్లలు కేకలు వేయుచు వీధిలోనికి పరుగెత్తుదురు. పెద్దలు తలయెత్తి చూచి, వాన పోయెనో, ఇంకను వచ్చునో నిర్ణయింతురు. చూచువారు అనేకులు, అది ఎట్లేర్పడునో విచారించువారు అరుదు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికొక అధ్యాయమునే కేటాయించి, మబ్బుపట్టిన ఆకాశమున గాలిచే చెదరిన పలువన్నెల సూర్యకిరణములే విల్లువలె కానవచ్చునని చెప్పెను. కారణము గాలి కాదు, నీటిచుక్క. అయినను ఆ రంగులు సూర్యకిరణములలోనివే యనుట గమనింపదగిన మాట.

తెల్లగా తోచు ఎండలో అన్ని రంగులును కలిసియున్నవి. కిరణము వానచినుకులో ప్రవేశించునపుడు వంగును. ఒక్కొక్క రంగు ఒక్కొక్క మేర వంగుటచే రంగులు విడివడును. చినుకు వెనుకభాగమును తాకిన వెలుగులో కొంత, అద్దముపై పడినట్లు వెనుకకు మరలి, వెలికి వచ్చుచు మరల వంగును. ఇట్లు మరలిన వెలుగులో ఎఱుపు సుమారు 42 డిగ్రీల కోణమునను, ఊదా సుమారు 40 డిగ్రీల కోణమునను దట్టముగా కూడుకొనును. కావున చూపరి కంటికి పై చినుకులు ఎఱుపును, క్రింది చినుకులు ఊదాను పంపును. ఒక చినుకు రాలగానే దాని తావునకు మరియొకటి వచ్చును. చినుకులు క్షణక్షణము మారుచున్నను విల్లు కదలక నిలుచుట ఇందువలననే.

14వ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీలో థియొడొరిక్, పారశీక దేశమున కమాలుద్దీన్ అల్ ఫారిసీ, ఒకరి సంగతి ఒకరెఱుగకయే, నీరు నింపిన గాజుగోళమును పెద్ద చినుకుగా భావించి పరీక్షించి ఈ మార్గమును కనుగొనిరి. 1637లో డెకార్ట్ కోణపు లెక్కను ప్రకటించెను. రంగుల మర్మము న్యూటన్ వలన తేలినది.

ఈ 42 డిగ్రీలను కొలుచుటకు యంత్రమక్కఱలేదు. సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, చేయి చాచి, తన తల నీడనుండి రెండు జానలు కొలిచినచో ఇంచుమించుగా అంతయగును. విల్లు ఆ దూరముననే యుండును. ప్రొద్దు పైకెక్కినకొలది నీడ దగ్గఱకు వచ్చును, విల్లు క్రిందికి దిగును. సమతలమున నిలిచినవాని నీడ అతని నిలువుకంటె పొట్టిగా నున్నంతసేపు ఆకసమున హరివిల్లు కనబడదు. మిట్టమధ్యాహ్నపు వానలో దానిని వెదకుట వృథా. ప్రొద్దు నేలకు తాకునపుడు అర్ధవృత్తము. విమానమునుండి చూచువారికి ఒక్కొక్కపుడు పూర్ణవృత్తము.

ఎవరి తల నీడ వారిది గనుక ఎవరి విల్లు వారిదే. ప్రక్కప్రక్కన నిలిచిన ఇరువురు చూచునది సైతము వేర్వేరు చినుకుల వెలుగు. విల్లు మొదలు ఊరి చెఱువులో దిగినదని పరుగెత్తువానికి అది ఎన్నటికిని అందదు. అతనితో కూడ అదియు జరుగుచుండును.

అన్ని విల్లులును ఒక్క తీరున నుండవు. చినుకులు పెద్దవైనచో రంగులు చిక్కగా నుండును, ఎఱుపు మెఱయును. చినుకులు సన్నగిలినకొలది రంగులు వెలవెలబోవును. పొగమంచులోని అతిసూక్ష్మ కణములపై విల్లు దాదాపు తెల్లగానే యుండును. సూర్యాస్తమయ వేళ నీలికిరణములు దారిలోనే చెదరిపోవుటచే ఎఱ్ఱని విల్లు కానవచ్చును. వెలుగు చినుకులో రెండుమారులు మరలినచో సుమారు 51 డిగ్రీల వద్ద రెండవ విల్లు, మొదటిదానికంటె వెలవెలగా, రంగులు తలక్రిందులై, ఎఱుపు లోపలి అంచునకు వచ్చును. రెండింటి నడుమ ఆకాశము నల్లబడియుండుట కలదు. చాలమంది దానిని చూడనే చూడరు.

ఇక వాన జోస్యము. విల్లు ఉదయము పడమటను, సాయంకాలము తూర్పునను కనబడును. ఐరోపాలో వాతావరణము సాధారణముగా పడమటినుండి తూర్పునకు నడచును గనుక, అచ్చట ఉదయపు విల్లు వానకును, సాయంకాలపు విల్లు తెఱపికిని గుర్తు. ఆ సూత్రమును తెలుగు తీరమునకు తెచ్చి అతికింపరాదు. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండములు బంగాళాఖాతమునుండి పడమటగా వచ్చును. అట్టి సాయంకాలమున తూర్పుననున్న విల్లు, వెడలిన వానను గాక రానున్న వానను చూపుచుండవచ్చును. దానిని నమ్మి కోసిన వరిని పొలములో పనలమీద వదలినచో ఏడాది కష్టము ఒక్క రేయిలో నీటిపాలగును. విల్లు చెప్పునవి రెండే సంగతులు: వెనుక ఎండ యున్నది, ఎదుట వాన యున్నది. ఆ వాన ఎటు నడచుచున్నదో మబ్బుల కదలికను చూచి తెలిసికొనవలెను.