కొనయ్య అనే రోబో



ఈ స్వర్ణోత్సవంలో సాంకేతిక విషయం ఏదైనా మాట్లాడమని సంఘం వారు అడిగారు. చంద్రయాన్ గురించో, కృత్రిమ మేధ గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను మాత్రం ఇంట్లో పాత సామాన్లతో చేసిన ఒక వెటకారపు రోబో గురించి చెబుతాను. దాని పేరు కొనయ్య.

ఖాళీ నూనె డబ్బా దాని ఒళ్లు. అడుగు మాడిన గిన్నె తల. చెయ్యి తిప్పేది పాత కారు వైపర్ మోటారు. 12 వోల్టుల బ్యాటరీ చాలు. లోపలి వర్మ్ గేరు వల్ల నెమ్మదిగా తిరిగినా బలంగా తిప్పుతుంది. మెదడు ఒక ఆర్డ్వినో బోర్డు. అరచేతిలో ఏ వస్తువు పెట్టినా సెన్సర్ పసిగడుతుంది. వెంటనే కొనయ్య "అయ్యో, పాతదైపోయిందండీ! కొత్తది కొనండి" అని దాన్ని చెత్తబుట్టలో పడేస్తాడు. నిన్న కొన్న వస్తువుకైనా అదే మాట. బుట్టలో దిండు పెట్టాను లెండి, ఎవరిదీ పగల్లేదు! పది వస్తువులయ్యాక "నాకూ కొత్త మోడల్ వచ్చేసిందండీ" అంటూ తల వంచి, తన స్విచ్చి తానే ఆపేసుకుంటాడు.

ఆ చివరి చమత్కారం నా సొంతం కాదు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1950ల్లో ఒక పెట్టె చేశాడు. స్విచ్చి వేస్తే మూత తెరుచుకుని ఒక చెయ్యి బయటికొస్తుంది, స్విచ్చి ఆపేసి లోపలికి పోతుంది. అంతే దాని పని! ఆ ఆలోచన మార్విన్ మిన్‌స్కీది. 1960లో స్విట్జర్లాండ్ శిల్పి జీన్ టింగ్లీ, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలో, తనను తానే ధ్వంసం చేసుకునే యంత్రాన్ని నడిపాడు. సైకిల్ చక్రాలు, పాత మోటార్లు, ఒక పియానో దాని సరుకు. ఆయనకు సాయం చేసింది బిల్లీ క్లూవర్ అనే ఇంజనీరు. కాబట్టి మనవాళ్లకు ఈ పిచ్చి కొత్తది కాదు.

దసరాకు మా అపార్ట్‌మెంటులో బొమ్మల కొలువు పక్కన కొనయ్యను నిలబెట్టాను. పిల్లలు వరస కట్టారు. మూడో అంతస్తు మామ్మగారు తన ట్రాన్సిస్టర్ రేడియో ఇచ్చి, కొనయ్య మాట విని, "మా అబ్బాయీ అచ్చం ఇలాగే అంటాడు" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "పాతదైతే ఏం నాయనా? బాగుచేసేవాడు దొరకట్లేదు, అంతే" అన్నారు.

ఆ రాత్రి రేడియో విప్పాను. బ్యాటరీ పట్టీలకు చిలుము పట్టింది. ఎమెరీ పేపరుతో రుద్దితే పలికింది. వచ్చే ఆదివారానికి మా గుమ్మం ముందు సామాన్లు చేరాయి. ఒకరి మిక్సీకి ఏ జబ్బూ లేదు. లోడు ఎక్కువైతే మోటారు కాలకుండా అడుగునున్న ఎర్ర బటన్ బయటికొస్తుంది. నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఇంకొకరి ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది. కావలసింది 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే.

కొనొద్దని నేను చెప్పను. రుబ్బురోలు దగ్గర మా అమ్మ చేతులు ఎలా నొప్పెట్టేవో చూసినవాణ్ణి. మిక్సీ వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. కానీ వస్తువు మన్నిక ఎంతో అమ్మేవాడే నిర్ణయించడం పాత కథ. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బుల కంపెనీలు కూడబలుక్కుని, బల్బు ఆయుష్షు 1,000 గంటలు దాటకూడదని కట్టడి చేసుకున్నాయి. దాటితే జరిమానా! ఇప్పుడు మరలకు బదులు జిగురుతో అతికించిన ఫోన్లు చూస్తున్నాం. విప్పడానికి వీల్లేని వస్తువును పిల్లలు విప్పరు. విప్పని పిల్లలకు లోపల ఏముందన్న ప్రశ్నే రాదు. నాకు భయం దాని గురించే. డబ్బు సంగతి తర్వాత.

మన బడిలో సైన్సు మాస్టారు చెడిపోయిన గోడ గడియారాన్ని బల్ల మీద పోసి, "బిగించగలిగినవాడు బిగించండిరా" అనేవారు. మేం ఇంజనీర్లమైంది అక్కడే.

అందుకే ఒక మనవి. కొనయ్యను బడి ల్యాబుకు ఇస్తున్నాను. వెనక మూతకు నాలుగే మరలు. లోపల సర్క్యూట్ బొమ్మ అతికించాను. ఏ పిల్లైనా, పిల్లాడైనా విప్పుకోవచ్చు. దాని పక్కన ఒక మరమ్మతు బల్ల వేద్దాం. మన బ్యాచ్‌లలో కుట్టుమిషను, వాచీ, మోటారు బాగుచేయడం తెలిసినవారు చాలామంది ఉన్నారు. నెలకో శనివారం రెండు గంటలు రండి. మొదటి శనివారం నేను వస్తాను, స్క్రూడ్రైవర్లు నావి.

సెలవు.