సొంత వేగంతో జావా వెబ్: వ్యాపార లెక్కల ప్రోగ్రామర్ల రెండో చదువు (స్నాతకోత్సవ ప్రసంగం)

1990ల నడిమి దాకా వ్యాపార లెక్కల ప్రోగ్రాములంటే చాలావరకు కోబాల్, ఆర్‌పీజీ భాషల్లో రాసినవే. బ్యాంకు వడ్డీ, బీమా ప్రీమియం, గిడ్డంగి నిల్వ, నెల జీతాల పట్టీ అన్నీ ఒక పెద్ద కంప్యూటరు మీద నడిచేవి. గుమస్తా ముందు ఉండేది టెర్మినల్ ఒక్కటే. 1995 మేలో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను ప్రకటించింది. 1997లో డేటాబేసుతో మాట్లాడే జేడీబీసీ, బ్రౌజరు అడిగినదానికి జవాబు తయారుచేసే సర్వ్‌లెట్ వచ్చాయి. 1999లో జేఎస్‌పీ, ఆ డిసెంబరులోనే వీటన్నిటినీ ఒకచోట చేర్చిన జే2ఈఈ వెలువడ్డాయి. ఇక అదే వడ్డీ, అదే ప్రీమియం బ్రౌజరులో కనిపించాల్సిన రోజులొచ్చాయి. లెక్క బాగా తెలిసిన ప్రోగ్రామర్లు ఉద్యోగంలో ఉంటూనే రెండోసారి చదువుకోవాల్సి వచ్చింది. పగలు తీరిక లేనివారి చదువు గనక, అది ఎవరి వేగంతో వారు సాగించేదిగా ఉండక తప్పలేదు. గుంటూరు జిల్లా వడ్లమూడిలో పట్టా అందుకుని వ్యాపార సంస్థల్లో చేరే ఇంజనీర్లకు కూడా తొందరలోనే ఎదురయ్యే చదువు ఇది.

తెలుగునాట ఈ రెండో చదువుకు చిరునామా అమీర్‌పేట. హైదరాబాద్‌లో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో గోడల నిండా కొత్త బ్యాచ్‌ల ప్రకటనలు, జిరాక్స్ దుకాణాల్లో జావా నోట్సు, హాస్టళ్ళలో జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి రైలెక్కి వెళ్ళినవారు వారిలో ఎందరో. తెలుగు ఐటీ ఉద్యోగుల దారిని హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా పరిశీలించిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకమే రాశారు. అమీర్‌పేట శిక్షణలో వేగం బ్యాచ్‌ది. పాఠం వినకపోయినా బ్యాచ్ ముందుకు సాగిపోయేది. అయినా అక్కడ ఒక గొప్ప బలం ఉండేది. పక్క కుర్చీలో అదే కష్టం పడుతున్న మనిషి ఉండేవాడు. రాత్రి హాస్టల్లో ఎర్రర్ రాగానే చూపించడానికి ఎవరో ఒకరు మేలుకుని ఉండేవారు. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవారికి అన్నిటికన్నా ముందు కరువయ్యేది ఈ తోడే.

సొంత వేగపు చదువుకు ఇంటర్నెట్ కన్నా ముందే శాస్త్రం ఉంది. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడ్ కెలర్ 1960లలో తన సహచరులతో కలిసి ఒక పద్ధతి రూపొందించాడు. 1968లో దాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. పాఠ్యాంశాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, రాతపూర్వకంగా ఇచ్చి, ఎవరికి ఎంతకాలం కావాలంటే అంతకాలం ఇవ్వడం అందులో ఒక సగం. రెండో సగం కఠినమైనది. ఒక భాగంలో పరీక్ష పూర్తిగా నెగ్గితే తప్ప తర్వాతి భాగం చేతికి రాదు. ఎన్నిసార్లయినా రాయవచ్చు, దాటవేయడం మాత్రం కుదరదు. తప్పులు వెంటనే చూపించడానికి, ముందే ఆ భాగం నెగ్గిన ఒక విద్యార్థి పక్కన ఉంటాడు. స్వేచ్ఛంతా కాలంలోనే, పట్టు సాధించడంలో సడలింపు లేదు. అంత జాగ్రత్తగా కట్టిన పద్ధతిలోనూ రేపు చూద్దామంటూ వాయిదా వేసేవారు ఆ రోజుల్లోనే పెద్ద సమస్యగా కనిపించారు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది కూడా తెలుగు నేల మీదే. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. పొలం పనిలో, గుమస్తా కొలువులో ఉన్నవారికి డిగ్రీ చదువు అందించిన సంస్థ అది. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటీఈఎల్ అనే వీడియో పాఠాల పథకం మొదలుపెట్టాయి; 2017లో స్వయం వేదిక వచ్చింది. ఐఐటీ ఖరగ్‌పూర్ జావా పాఠాలు అక్కడ ఎవరైనా ఉచితంగా వినవచ్చు. పాఠాలకు కొరత తీరింది గానీ, పూర్తిచేయడమే అరుదైంది. హార్వర్డ్, ఎంఐటీల ఎడ్‌ఎక్స్ కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో చివరిదాకా వెళ్ళినవారు 3.13 శాతమని 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశీలన లెక్కగట్టింది. కెలర్ పద్ధతిలోని కాల స్వేచ్ఛను వీడియో కోర్సులు చాలావరకు తీసుకున్నాయి; గడప దగ్గర నిలబెట్టే పరీక్షను, పక్కన ఉండే మనిషిని వదిలేశాయి. ఆ రెండింటినీ నేర్చుకునేవారే తమకు తాము సమకూర్చుకోవాలి. ఈ చదువు నిలిచేదీ కూలేదీ అక్కడే.

వ్యాపార ప్రోగ్రామర్‌కు మరో వనరు ఉంది. అది లెక్క. కోర్సులు సాధారణంగా పుస్తకాల దుకాణమో, చేయాల్సిన పనుల జాబితానో అభ్యాసంగా ఇస్తాయి. వాటిలో తప్పు చేస్తే ఎవరి డబ్బూ పోదు, కాబట్టి తప్పు కనిపించదు. వాటికి బదులు ఊరి లెక్కనే తీసుకోవచ్చు. వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో పాల లెక్క తెలియని ఇల్లు తక్కువ. అభ్యాసానికి అంతకన్నా మంచి సమస్య దొరకదు. రైతు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోస్తాడు. పరిమాణం, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) రాస్తారు. పట్టిక చూసి ధర కడతారు. దాణా బాకీ, అప్పు వాయిదా తీసేసి, పది రోజులకో పదిహేను రోజులకో బిల్లు ఇస్తారు. దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి యార్డు తూకం చీటీలనైనా ఇలాగే తీసుకోవచ్చు. జవాబు సరిగ్గా వచ్చిందో లేదో కాగితం మీద లెక్కవేసి చూసుకోగలిగిన సమస్య కావడం ముఖ్యం.

ఆ లెక్కను వెబ్‌కు తెచ్చేటప్పుడు మొదట మార్చుకోవాల్సింది ఆలోచన. పాత టెర్మినల్ ప్రోగ్రాము తెర చూపించి, గుమస్తా అంకె కొట్టేదాకా అక్కడే ఆగి, కొట్టాక ఆపిన చోటునుంచి సాగేది. వెబ్‌లో ఆగడం లేదు. బ్రౌజరు ఒక అభ్యర్థన పంపుతుంది, సర్వర్ జవాబు పంపి చేతులు దులుపుకుంటుంది. మరుసటి అభ్యర్థన వచ్చేసరికి ఆ మనిషి ఎవరో హెచ్‌టీటీపీకి గుర్తుండదు. గుర్తుంచుకోవడానికి కుకీ, దాని వెనక సెషన్ అవసరమయ్యాయి. ఈ ఒక్క సంగతి మనసుకెక్కకముందే తెరలు గీయడం మొదలుపెట్టినవారు నెలల తరబడి అయోమయంలో తిరుగుతారు.

దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. కోబాల్‌లో ప్రతి పనికీ దాని సొంత నిల్వస్థలం ఉండేది. అందులో రైతు సంఖ్య పెట్టుకుంటే మరొకరు తాకేవారు కాదు. సర్వ్‌లెట్ అలా కాదు. మామూలుగా సర్వర్ దాన్ని ఒక్కటే తయారుచేసి, వచ్చిన అభ్యర్థనలన్నిటినీ వేర్వేరు థ్రెడ్‌లలో దాని మీదుగానే నడిపిస్తుంది. పాత అలవాటుతో రైతు సంఖ్యను ఆ క్లాసులోని ఫీల్డులో దాచుకుంటే, ఇద్దరు గుమస్తాలు ఒకే క్షణాన బటన్ నొక్కినప్పుడు ఒకరి పాలు మరొకరి ఖాతాలో పడవచ్చు. ఒక్కరే కూర్చుని పరీక్షించినంతకాలం ఈ తప్పు బయటపడదు. అందుకే, కెలర్ తరహాలో పెట్టుకునే ఈ భాగం పరీక్ష రెండు బ్రౌజర్లు తెరిచి, కావాలనే ఆలస్యం చొప్పించి చేయాలి. ఫీల్డులో ఉన్నదాన్ని మెథడ్ లోపలి చరరాశిగా మార్చాక తప్పు ఎందుకు పోయిందో కాగితం మీద రాయగలిగినవారు ఆ భాగం నెగ్గినట్టు.

డబ్బు లెక్కలో కోబాల్ వారికి ఒక మంచి అలవాటు ముందే ఉంది: దశాంశ స్థానాలు నిర్ణయించి లెక్కవేయడం. జావాలోని డబుల్ రకం ఆ అలవాటును చెడగొడుతుంది. 0.1ని పదిసార్లు కూడితే డబుల్ ఇచ్చే జవాబు 1 కాదు, 0.9999999999999999. ద్వియాంశ రూపంలో పదోవంతును కచ్చితంగా రాయలేకపోవడమే కారణం. బిగ్‌డెసిమల్ వాడితే ఇది తప్పుతుంది. అయితే దాన్ని డబుల్ సంఖ్య నుంచి కాక పాఠ్యం నుంచి తయారుచేయాలి, లేకుంటే డబుల్‌లోని దోషం యథాతథంగా లోపలికి వస్తుంది. పైసలను ఎక్కడ సవరించాలన్నది మాత్రం జావా చెప్పదు. ప్రతి పూటకూ సవరించి కూడితే ఒక మొత్తం, బిల్లు చివర ఒక్కసారే సవరిస్తే మరో మొత్తం రావచ్చు. ఏది సరైనదో లెక్కల విభాగం నియమం చెబుతుంది. ఈ ప్రశ్న అడగాలని తోచడమే వ్యాపార ప్రోగ్రామర్ బలం.

డేటాబేసు దగ్గర మూడు విషయాలు గట్టిపడాలి. రైతు ఖాతాకు జమ, దాణా బాకీలో కోత ఈ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి; మధ్యలో కరెంటు పోతే రెండూ జరగనట్టే మిగలాలి. వెబ్ పేజీలో నింపిన పాఠ్యాన్ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకూడదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే పంపాలి. లేదంటే పేరు రాయాల్సిన చోట ఎస్‌క్యూఎల్ ముక్క రాసి పట్టికనే తుడిచేయవచ్చు. ఇక గుమస్తా బటన్ రెండుసార్లు నొక్కినా, పేజీని మళ్ళీ లోడ్ చేసినా పాలు రెండుసార్లు జమ కాకూడదు. జమ అయ్యాక మరో పేజీకి మళ్ళించడం మళ్ళీ లోడ్ చేయడానికి ఉపాయం. రైతు, తేదీ, పూట ఈ మూడూ కలిపి డేటాబేసులోనే ఒకే వరుసకు అనుమతించడం అంతకన్నా గట్టి కట్టుబాటు.

ఇవన్నీ అయ్యాకే ఫ్రేమ్‌వర్కులు. స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 2014లో వెలువడిన స్ప్రింగ్ బూట్ నేడు ఎక్కువ కొలువుల్లో అడిగేది. ఉద్యోగ ప్రకటన చూసి నేరుగా స్ప్రింగ్ బూట్‌తో మొదలుపెట్టాలనే తొందర సహజమే. కొన్ని గంటల్లో పేజీ వస్తుంది, ఉత్సాహమూ వస్తుంది. కానీ మొదటి పెద్ద ఎర్రర్ వచ్చినప్పుడు కింద నడుస్తున్నది సర్వ్‌లెట్, జేడీబీసీలే కాబట్టి, వాటి పేర్లతో నిండిన ఎర్రర్ పట్టిక అర్థంకాక చాలామంది అక్కడే ఆగిపోతారు. సర్వ్‌లెట్‌తో స్వయంగా పాల లెక్క కట్టినవారు ఆ పట్టికలో తమ కోడు ఏ వరుసలో ఉందో చూసి దారి పట్టగలరు.

సొంతంగా నేర్చుకునేవారిని కాలమూ మోసగిస్తుంది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. 2017లో, జే2ఈఈగా మొదలైన వ్యాపార జావాను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించే నిర్ణయం తీసుకుంది. పేరు జకార్తా ఈఈ అయింది. 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో, జావాక్స్ అని మొదలయ్యే వెబ్ ప్యాకేజీల పేర్లు జకార్తాగా మారాయి. పాత పాఠంలోని సర్వ్‌లెట్‌ను టామ్‌క్యాట్ 10 సర్వర్‌లో పెడితే క్లాసు దొరకలేదని వస్తుంది. టామ్‌క్యాట్ 9లో అదే కోడు నడుస్తుంది. నేర్చుకునేవారు తమ తెలివిని శంకించుకునేలోపు పాఠం ఏ సంవత్సరంది, ఏ వెర్షన్‌ది అని చూడాలి. స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 కావాలన్నదీ ఇలాంటిదే. వెర్షన్లు తాజాగా ఉంచడం భద్రతకు కూడా సంబంధించినది. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే లాగింగ్ లైబ్రరీలో బయటపడ్డ లోపం ప్రపంచమంతటా జావా సర్వర్లను ప్రమాదంలో పడేసింది. తమ ప్రోగ్రాములో ఏయే లైబ్రరీలు ఉన్నాయో మావెన్ అనే బిల్డ్ సాధనం జాబితా చూసి చెప్పగలిగిన జట్లు త్వరగా తేరుకున్నాయి.

వేగం విషయానికి వస్తే, ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఆదివారం ఒక్కరోజే ఎనిమిది గంటలు కూర్చోవడం కన్నా రోజూ గంట మేలు. రాత్రి ఆపిన ఎర్రర్ పొద్దుటికి సులువుగా తెగడం ప్రోగ్రామింగ్‌లో నిత్యానుభవం. ప్రతి భాగానికీ పరీక్ష జేయూనిట్ అనే పరీక్షా సాధనంలో ముందే రాసుకోవాలి: ఫలానా పరిమాణం, ఫలానా వెన్న శాతం ఇస్తే ఫలానా మొత్తం రావాలని. అంకెలు కాగితం మీద చేసిన లెక్క నుంచి రావాలి, ప్రోగ్రాము ఇచ్చిన జవాబు నుంచి కాదు. ఇలా రాసినప్పుడు కెలర్ పెట్టిన గడప తిరిగి వచ్చినట్టే. కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు అడిగిందే తడవుగా సర్వ్‌లెట్ రాసిపెడుతున్నాయి. వాటితో ఎర్రర్ అర్థం చెప్పించుకోవడం మంచి వాడకం. పరీక్షను కూడా వాటిచేతే రాయించుకుంటే నేర్చుకునేవారికి మిగిలేది ఏమీ ఉండదు. తోడు కోసం అదే కోర్సు చేస్తున్న ఇద్దరు ముగ్గురు వారానికోసారి ఒకరి కోడు ఒకరు చదవాలి. ఒకే తరగతి నుంచి పట్టా తీసుకుని వేర్వేరు ఊళ్ళకు వెళ్ళేవారికి ఈ ఏర్పాటు సులభం.

ఈ చదువు చివరి భాగంలో కొత్త పాఠం ఉండదు, ఒక మార్పు ఉంటుంది. బిల్లు గడువు సగం గడిచాక పాల ధర పెరిగింది; పెంపు ఐదు రోజుల వెనకటి తేదీ నుంచి వర్తిస్తుంది; ఈలోపు కొందరు రైతులకు ముందస్తు చెల్లింపు కూడా జరిగింది. ధరను కోడులో అంకెగా రాసినవారు ఇక్కడ ఇరుక్కుంటారు. వర్తించే తేదీలతో ధరల పట్టికను డేటాబేసులో పెట్టినవారికి కొత్త వరుస ఒకటి చేరిస్తే చాలు. చెల్లించిన పద్దులను మాత్రం తిరగరాయకూడదు. తేడా మొత్తాన్ని వేరే సవరణ పద్దుగా, అది ఏ పూటకు చెందిందో చెబుతూ జమ చేయాలి. పాత పరీక్షలన్నీ మళ్ళీ నెగ్గాలి, పెరిగిన ధరకు కొత్త పరీక్ష చేరాలి, గిట్‌లో ఆ మార్పుకు కారణం నమోదు కావాలి, రైతు చేతికి వెళ్ళే బిల్లులో పాత ధర మొత్తం, సవరణ, బాకీ కోత వేర్వేరు వరుసల్లో కనిపించాలి.